పుస్తెల నీడ

జ్యేష్ఠ బహుళ తదియ

లాంచీ మీద ఏం జరిగినా ఏ రోజుకారోజు రాసిపెట్టాలని రేవువాళ్ళ రూలు. సరంగు ఏసుపాదానికి రాయడమంటే బద్ధకం. డాక్టరు గారు రాస్తే చదవడం ఎవరి తరమూ కాదు. అందుకని ఈ పని నా నెత్తిన పడింది. నా పేరు రత్నమాణిక్యం. 'సుదర్శిని' స్కానింగు లాంచీలో మనుషుల లోపలి ఫోటోలు తీసేది నేను, వాటిని చదివేది డాక్టర్ ఫణిభూషణ్ గారు, మమ్మల్ని లంకలన్నీ తిప్పేది ఏసుపాదం.

మా నాలుగో మనిషి అయస్కాంతం. లాంచీ మధ్యలో గున్న ఏనుగులా కూర్చుని ఉంటుంది. దాని కడుపులో గ్యాసు నిండుగా ఉండాలి, ఎప్పుడూ గడ్డకట్టే చలి ఉండాలి. ఆ గ్యాసు భూమ్మీద మా అమ్మమ్మ కాలంలోనే అయిపోయిందట. ఇప్పుడు చంద్రుడి మీద తవ్వి పంపుతున్నారు. పోటు రావాలన్నా, పాటు రావాలన్నా, మా మెషీన్ నడవాలన్నా ఆ చందమామ దయే.

ఇవాళ పాటు వేళకి దొడ్డిలంక చేరాం. నీళ్ళలోంచి పైకి తేలిన పాత సెల్ టవరు కొసకి ఏసుపాదం తాడు కట్టాడు. ఆ కింద ఒకప్పుడు బస్టాండు ఉండేదట. హారను కొట్టగానే మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నడుము నొప్పులవాళ్ళు, కిడ్నీలో రాళ్ళవాళ్ళు, నెలలు నిండిన ఆడపిల్లలు పడవలేసుకుని వచ్చేశారు. జాతరలా ఉంది.

ఆడవాళ్ళ చేత పుస్తెలు తీయించడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. బంగారానికి అయస్కాంతం అంటుకోదు. కానీ ఛాతీ మీద ఉంటే ఫోటోలో అంతమేరా నల్లటి గుంట పడుతుంది. బోసిమెడతో పడుకోమంటే ఎవరు పడుకుంటారు? అందుకే పసుపుకొమ్ము కట్టిన తాళ్ళు ఒక పెట్టెలో పెట్టుకుంటాను. ముందు పసుపుతాడు మెడలో పడాలి, ఆ తర్వాతే పుస్తెలు బయటికి రావాలి. మెడ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఈ పద్ధతి నేను పెట్టిందే. మొదట్లో డాక్టరు గారు నవ్వారు. తర్వాత్తర్వాత పసుపుకొమ్ములు ఆయనే కొనుక్కొచ్చేవారు.

ఆషాఢ శుద్ధ పంచమి

పైనుంచి ఆర్డరు వచ్చింది. లంకల్లో కొత్తగా పాకుతున్న మంచుజ్వరం తగ్గేదాకా జ్వరం ఫోటోలు తప్ప ఇంకేవీ తీయకూడదట. దొడ్డిలంకలో రమ్మని చెప్పిన మోకాళ్ళనీ నడుముల్నీ ఎక్కడివాళ్ళని అక్కడే ఉండమన్నారు.

డాక్టరు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మోకాళ్ళు మన అన్నం మాణిక్యం గారూ, ఊపిరితిత్తులు మన ధర్మం. ఇకమీదట ధర్మం మాత్రమే చేయమంటున్నారు. అన్నం సంగతి ఇందులో రాయలేదు," అన్నారు.

జ్వరం ఫోటోకి సర్కారు కట్టిన రేటు మా మోటారుకి కూడా చాలదు. అదైనా బిల్లు పాసయ్యాక. పైగా ఒక్కో మనిషి దిగగానే గది తలుపులన్నీ బిగించి, గాలంతా బయటికి తోడి, గోడలు కడిగి, అప్పుడు ఇంకొకరిని ఎక్కించాలి. ఒక పోటుకి ముప్ఫై మంది ఎక్కే చోట ఇప్పుడు ఆరుగురు ఎక్కితే గొప్ప.

ఏసుపాదం హారను కూడా మెల్లగా కొడుతున్నాడు. గట్టిగా కొడితే జనం భయపడుతున్నారట.

ఆషాఢ బహుళ షష్ఠి

ఈ జ్వరానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. ధనుర్మాసంలో తెల్లారగట్ల ఏటి మీద పేరుకున్నట్టు ఊపిరితిత్తుల్లో తెల్లగా మంచు కనబడుతుంది. మంచు కనబడితే వెనక తలుపు దగ్గర పడవ సిద్ధంగా ఉంటుంది. బల్ల మీంచి తిన్నగా అందులోకే. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆసుపత్రి ఓడ లంగరేసుకుని ఉంది. దాంట్లో మంచాలు తక్కువ, అందుకని ఫోటోలో మంచు చూపిస్తే గానీ ఎక్కించుకోరు. ఒంటి మీద చిన్న లోహపు ముక్క ఉన్నా ఎక్కించుకోరు.

అంచేత పుస్తెలు నా దగ్గరే ఉండిపోతున్నాయి. ఒక్కో జతనీ మందులో కడిగి, కవర్లో వేసి, పేరు రాసి పెట్టెలో పెడుతున్నాను. పట్టుకెళ్ళండని ఇంటివాళ్ళకి చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ చెయ్యి చాపరు. మనిషి లేకుండా పుస్తెలు మాత్రమే ఇంటికి వచ్చేది ఎప్పుడో అందరికీ తెలుసు. ఆ మాట పైకి ఎవరూ అనరు. "మీ దగ్గరే ఉంచండమ్మా, ఆవిడొచ్చి తీసుకుంటుంది," అని తల దించుకుని పడవ ఎక్కేస్తారు.

పెట్టె తాళం నా బొడ్లో దోపుకున్నాను.

శ్రావణ శుద్ధ తదియ

ఇన్నాళ్ళ తర్వాత ఇవాళ లాంచీ మీద నవ్వు వినబడింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఉప్పులంక నుంచి పీతలు పట్టే లోవరాజూ, అతని భార్య వీరవేణీ వచ్చారు. ఆమెకి జ్వరం, దగ్గు. అతనికి ఏమీ లేదు గానీ ఒకే ఇంట్లో ఉన్నవాడు కాబట్టి ఫోటో తప్పదు. పుస్తెలు తీయమనగానే ఆమె మొగుడి వంక చూసింది.

"నువ్వే కట్టావు, నువ్వే తియ్యి. మజ్జిలో నాకేటి సమ్మందం?" అంది, దగ్గుతూనే.

"సూశారా మేడమ్ గారండీ, పనంతా నాకే సెప్తాది," అంటూ లోవరాజు పసుపుతాడు అందుకున్నాడు. ఆమె వెనక నిలబడి, "మూడు ముళ్ళూ ఎయ్యాలాండి, రెండు సరిపోతాయా?" అన్నాడు.

"అయస్కాంతం ఎన్ని ముళ్ళయినా ఊరుకుంటుంది. నీ పెళ్ళాం ఊరుకోదు," అన్నాను.

మూడో ముడి పడుతుండగా పైనుంచి ఏసుపాదం గట్టిమేళమని హారను గట్టిగా కొట్టాడు. డాక్టరు గారు లోపలి గదిలోంచి తొంగి చూసి మాస్కు వెనక నవ్వారు. వీరవేణి సిగ్గుపడింది. ఆ ముసిముసి నవ్వుతోనే బల్ల మీద పడుకుంది.

ఫోటోలో రెండువైపులా మంచే. పడవవాళ్ళు తీసుకుపోయారు. లోవరాజుకి చెయ్యి ఊపే తీరిక కూడా ఇవ్వలేదు.

తర్వాత అతని వంతు. ఫోటో తీసి చూద్దును కదా, ఎడమ రొమ్ము మీద పక్కపక్కనే రెండు చిన్న నల్లటి గుంటలు. బల్ల దగ్గరికి పరుగెత్తాను. తీరా చూస్తే అబ్బాయిగారి చొక్కా జేబులో పెళ్ళాం పుస్తెలు! తీసి నాకు ఇవ్వడం మర్చిపోయి జేబులో వేసుకున్నాడు. నాలుగు చివాట్లు పెట్టాను. మళ్ళీ తీద్దామంటే బయట ఇంకా జనం ఉన్నారు. "అక్కర్లేదు లెండి, అటూ ఇటూ మంచు లేదు. అవి పుస్తెల నీడ, అంతే," అన్నారు డాక్టరు గారు. అంతా బాగుందని రాసి సంతకం పెట్టారు.

అవి కవర్లో వేస్తుంటే చూశాను. ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది, రెండూ అరిగి నున్నగా అయిపోయాయి. ఇంటికి పట్టుకెళ్ళమంటే లోవరాజు కూడా అందరిలాగే వెనక్కి జరిగాడు. "ఆడి మెళ్ళోంచి తీసినియ్యి ఆడి మెళ్ళోకే ఎల్లాలండి. పెట్టి జాగర్తండి," అన్నాడు. ఉప్పులంకలో ముద్దొస్తే పెళ్ళాన్ని 'ఆడు' అంటారు.

శ్రావణ బహుళ విదియ

గ్యాసు ధర బంగారాన్ని దాటింది. చంద్రుడి మీద తవ్వే కుర్రాళ్ళకి కూడా జ్వరం తగిలిందట, ఓడలు దిగడం లేదు. డాక్టరు గారు రాజమండ్రిలో ఇల్లు అమ్మేశారు. ఆ సంగతి నాకు ఏసుపాదం చెప్పాడు, ఆయన చెప్పలేదు. ఏసుపాదం జీతం అడగడం మానేశాడు. పీతల కూర వండి అందరికీ పెడుతున్నాడు.

కిందటి సిలిండరు నా పుస్తెలతో వచ్చింది. మావారు పోయి ఏళ్ళయింది, పెట్టెలో ఉండి అవి మటుకు ఏం చేస్తాయి? అమ్మేసి వచ్చాక ఏడవలేదు. పసుపుకొమ్ములకి దారం కడుతూ కూర్చున్నప్పుడు మాత్రం కాసేపు ఏడ్చాను.

శ్రావణ శుక్రవారాలు రెండు వచ్చాయి, పోయాయి. నా పెట్టెలో ఇన్ని జతల పుస్తెలున్నాయి, ఏ ఒక్కదానికీ పసుపూ కుంకుమా అంటలేదు. ఉండబట్టలేక నేనే కవర్ల మీద కాస్త పసుపు చల్లాను.

భాద్రపద శుద్ధ దశమి

ఇవాళ డాక్టరు గారితో పోట్లాడాను.

ఆయన చాలాసేపు గొంతు సవరించుకుని, "మాణిక్యం గారూ, ఆ పెట్టె కుదువ పెడదాం. బిల్లులు రాగానే విడిపించేద్దాం," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తాళి కుదువ పెట్టిన మొగుణ్ణి ఊళ్ళో ఏమంటారో మీకు తెలీదా? మొగుళ్ళే చేయకూడని పని మనం చేస్తామా? అవి మనవి కావు డాక్టరు గారూ. నన్ను నమ్మి ఇచ్చారు."

"నమ్మి ఇచ్చారు, కాదనను. అయస్కాంతం ఆరిపోతే వాళ్ళ మొగుళ్ళకే ఫోటో ఉండదు. ఫోటో లేకపోతే ఓడ ఉండదు. అది కూడా ఆలోచించండి."

"ఆలోచించాను. నా ప్రాణం పోయినా తాళం ఇవ్వను."

ఆయన యజమాని. ఇచ్చి తీరాలని అనొచ్చు. అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే లెండి," అని లోపలికి వెళ్ళిపోయారు. బొడ్లో తాళం తడిమి చూసుకున్నాను. నా అంత నిక్కచ్చి మనిషి లేదనిపించింది. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను.

భాద్రపద అమావాస్య

అయస్కాంతం ఊపిరి వదిలేసింది. లోపల వేడెక్కితే మిగిలిన గ్యాసంతా ఒక్కసారిగా పైకప్పు గొట్టంలోంచి పోతుందని చదువుకున్నప్పుడు చెప్పారు, చూడటం ఇదే మొదలు. లాంచీ అంతా ఒణికింది. తెల్లటి పొగ బుస్సుమని లేచి నీళ్ళ మీద పరుచుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళూ దాని గుయ్యిమనే మోత చెవుల్లో ఉండి ఉండి, ఇప్పుడు నా చెవులే పోయాయేమో అనిపించింది.

ఏసుపాదం టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. డాక్టరు గారు దాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఆశ్వయుజ శుద్ధ చవితి

లోవరాజు వచ్చాడు. వాళ్ళ అన్న తెడ్డు వేసుకుంటూ తీసుకొచ్చాడు. పడవలో గోనెసంచులకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలం తిరిగాయి.

"ఫోటో తీసెయ్యండి మేడమ్ గారండీ. ఓడెక్కితే మా ఆవిణ్ణి కూడా సూసినట్టుంటాది," అన్నాడు. ఆ నాలుగు మాటలకీ నాలుగుసార్లు ఆగాడు.

 మెషీన్ ఆరిపోయిందని డాక్టరు గారే చెప్పారు. గొట్టం పెట్టి వీపు విన్నారు. ఓడకి రేడియో చేసి, "నేను డాక్టర్ని చెబుతున్నాను, మంచు ఉంది, చెవికి వినబడుతోంది," అని అరిచారు. అటువైపు అమ్మాయి పాపం ఏడుపు గొంతుతోనే, "ఫోటో లేకుండా మంచం ఇవ్వడానికి నాకు అధికారం లేదు సార్," అంది. ఫోటో తీసే ఇంకో చోటు గట్టు మీద, పాత ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఉంది. ఏటికి ఎదురు వెళ్ళాలి.

లాంచీలో పడుకోబెట్టి బయల్దేరాం. ఏసుపాదం మోటారుని చంపేశాడనుకోండి, అంత గట్టిగా నడిపాడు. నేను లోవరాజు తల పక్కన కూర్చున్నాను. దారిలో కళ్ళు తెరిచి, "పెట్టి జాగర్తగా ఉందాండి?" అని అడిగాడు. తాళం తీసి, వీరవేణి పేరున్న కవరు చూపించాను. తృప్తిగా తల ఊపాడు. "అలాగే ఉంచండి. మీరు మంచోరండి," అన్నాడు.

ఆనకట్ట దీపాలు కనబడే లోపలే ప్రాణం పోయింది.

నేను మంచిదాన్నట.  డాక్టరు గారు చెప్పినట్టు విని ఉంటే అయస్కాంతం బతికేది. అతనికి ఫోటో ఉండేది, ఆ వెంటనే ఓడ. ఆ ఓడలో వీరవేణి. ఏ మొగుడి పేరు మీద ఆ పుస్తెలున్నాయో ఆ మొగుణ్ణి ఒడ్డున వదిలేసి, పుస్తెలు మాత్రం భద్రంగా దాచాను.

ఆశ్వయుజ బహుళ సప్తమి

వీరవేణి వచ్చింది. ఓడ వాళ్ళు నయమైందని దింపేశారు. సగం మనిషి అయిపోయింది. భర్త సంగతి ఓడలోనే తెలిసిందట. మెడలో పసుపుతాడు అలాగే ఉంది, నూలుది కాబట్టి ఊరుకున్నారట. పసుపు వెలిసిపోయి తెల్లగా అయింది, మూడు ముళ్ళూ బిగుసుకుని చిన్న గింజల్లా ఉన్నాయి.

"నా పుస్తెలు ఇచ్చెయ్యండి. పదో రోజుకి నేను లేనండి. ఇప్పుడు ఏసుకుని, మల్లీ తీసెయ్యాలంట. బంగారపియ్యి అయితేనే శాస్త్రమంటన్నారు ఇంట్లో," అంది. కళ్ళలో నీళ్ళు లేవు. అయిపోయినట్టున్నాయి.

కవరు చేతికిచ్చాను. ఇచ్చాక ఆగలేకపోయాను. డాక్టరు గారు వద్దన్నట్టు చూశారు, అయినా చెప్పేశాను. "ఇవి కుదువ పెట్టి ఉంటే మెషీన్ నడిచేది వీరవేణీ. నీ భర్త ఓడ ఎక్కేవాడు. తాళం నా దగ్గరే ఉంది. నేనే ఇవ్వలేదు."

తిడుతుందనుకున్నాను. చెయ్యెత్తినా బాగుండేది. నా మొహంలోకి చూసి అంది.

"నన్నడిగితే ఇచ్చేద్దును కదండీ."

అడగడం! రేడియో నా మూరెడు దూరంలో ఉంది. వీరవేణి ఓడలో బతికే ఉంది. మొగుళ్ళ పరువు గురించి, ఊరు ఏమంటుందో దాని గురించి, నా నిజాయితీ గురించి అంతంత ఆలోచించాను. డాక్టరు గారూ నేనూ ఆ పుస్తెల మీద అంత పోట్లాడుకున్నాం. అవి ఎవరి మెడలోవో ఆ మనిషిని అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

కాసేపయ్యాక, "ఆడి ఫోటో ఏదైనా ఉందాండి మీ దగ్గర?" అంది. "పీతల్లోకి ఎల్లేవోడికి ఫోటోలెక్కడియ్యండి. పెల్లిదుంటే ఉప్పెన్లో పోయింది."

మా దగ్గర ఉండేది లోపలి ఫోటోలే. ఆ మాటే చెప్పాను. ఫర్వాలేదంది. శ్రావణంలో తీసింది తెర మీద పెట్టాను. రెండు ఊపిరితిత్తులూ నల్లగా, శుభ్రంగా, నిండుగా ఉన్నాయి.

"బాగుందాండి?"

"బాగుందమ్మా. ఆ రోజుకి అంతా బాగుంది."

తెర దగ్గరికి జరిగింది. ఎడమ రొమ్ము మీద వేలు పెట్టింది. "మరి ఇయ్యేటండి, రెండు సున్నాలు?"

"నీ పుస్తెలే. నీ మెడలోంచి తీసి జేబులో వేసుకుని మర్చిపోయాడు. వాటి నీడ."

అప్పుడు ఏడ్చింది. తెరకి నుదురు ఆనించి, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. డాక్టరు గారు తల తిప్పుకున్నారు. పైన ఏసుపాదం మోటారు ఆపేశాడు.

ఏడుపు తగ్గాక కవరు నా చేతిలో పెట్టింది. "అట్టుకెల్లి దానికి గాలి పొయ్యండి," అంది అయస్కాంతం వంక చూపించి.

"మరి ఇంట్లోవాళ్ళు? శాస్త్రం?"

"నా పుస్తెలు ఆడి దగ్గిరున్నాయిగా," అంది తెర వంక చూస్తూ. "అక్కణ్ణించి ఎవరు తీత్తారండి?"

పసుపుతాడు మీద పమిట కప్పుకుని పడవ ఎక్కింది.

కార్తీక శుద్ధ పంచమి

పెట్టెలో మిగిలిన కవర్ల మీది పేర్లు ఒక్కొక్కటే రేడియోలో చదివి ఓడలో ఉన్నవాళ్ళని అడిగాను. లేనివాళ్ళ గురించి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగాను. కొందరు ఇచ్చారు. కొందరు తమవి తాము పట్టుకెళ్ళారు. దొడ్డిలంకలో ఒకావిడ నా మొహాన తలుపు వేసింది. వేయాల్సిందే.

గ్యాసు వచ్చింది. అయస్కాంతం మళ్ళీ గుయ్యిమంటోంది. డాక్టరు గారు దాన్ని వినడానికే పొద్దున అంతా దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జ్వరం తగ్గలేదు, బిల్లులూ రాలేదు. ఈ గ్యాసు ఎన్నాళ్ళు ఉంటుందో తెలీదు.

ఇవాళ మొదట ఒక కొత్త పెళ్ళికూతురు ఎక్కింది. పారాణి కూడా పూర్తిగా పోలేదు. మెడలో పసుపుతాడు వేసి, పుస్తెలు తీసి, కవరు మీద పేరు రాశాను. రాసి, "అమ్మా, నువ్వు లేని వేళ మెషీన్ ఆగిపోయేలా ఉంటే వీటిని వాడుకోవచ్చా?" అని అడిగాను.

ఆ పిల్ల బెదిరిపోయి రెండు చేతులతో పసుపుకొమ్ము పట్టుకుంది. "వద్దండీ," అంది.

పేరు కింద వద్దని రాసి, కవరు పెట్టెలో పెట్టాను.